సొరచెట్టా, ఆనపపాదా?

నర్సీపట్నంలో ఒక వేసవి రాత్రి. భోజనాలయ్యాక వసారాలో కుటుంబ ప్రార్థన. కుటుంబమంటే ఇద్దరే: ముప్ఫయ్యేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన ఒక టీచరమ్మ, సెలవులకి హైదరాబాదు నుంచి వచ్చిన ఆవిడ మనవరాలు. టీచరమ్మ ఒళ్ళో జిప్పు కవరున్న పాత తెలుగు బైబిలు, మనవరాలి చేతిలో ఫోను. ఫోన్లో ఎన్‌ఐవీ అనే ఇంగ్లీషు తర్జుమా. పిల్ల ఒక వచనం ఇంగ్లీషులో చదివితే ఈవిడ అదే వచనం తెలుగులో చదవాలి. ఇది ఇద్దరి మధ్యా కుదిరిన ఒప్పందం. పిల్లకి తెలుగు అక్షరాలు వచ్చు గానీ ‘చెప్పుచుండగా’ దగ్గరికొచ్చేసరికి నాలుక మడతపడుతుంది. ఆ రాత్రి యోనా గ్రంథం నాలుగో అధ్యాయం వంతు. నీనెవె పట్టణం నాశనం కాలేదని అలిగి, ఊరి బయట ఎండలో కూర్చున్న ప్రవక్త తలకి నీడ పట్టడానికి దేవుడు ఒక మొక్కని మొలిపించే ఘట్టం. పిల్ల ‘లీఫీ ప్లాంట్’ అని చదివింది. పుస్తకం మీద కదులుతున్న వేలు ఆగిపోయింది.

“ఆకులున్న మొక్కా? ఆకుల్లేని మొక్క ఎక్కడైనా ఉంటాదేటే?”

“నీ దాంట్లో ఏముంది అమ్మమ్మా?”

“సొరచెట్టు.”

“అంటే?”

అమ్మమ్మ పెరటివైపు చెయ్యి చూపించింది. నీళ్ళతొట్టి పక్కన వెదురు పందిరి మీద ఆనపపాదు అల్లుకుని ఉంది. రెండు కాయలు కిందికి వేలాడుతున్నాయి. సొరకాయ అనే మాట ఆ ప్రాంతంలో పుస్తకాల్లో కనిపించేదే తప్ప బజార్లో వినపడదు. నర్సీపట్నం సంతలో అది ఆనపకాయే. పైగా తీగని చెట్టనడమేమిటి? తెలుగువాళ్ళకి అది పాదు. అంటే పాత తర్జుమాలోని ఆ ఒక్క మాటనీ ఆవిడ రెండుసార్లు తర్జుమా చేసుకోవలసి వచ్చింది, తెలుగులోంచి తెలుగులోకి.

ప్రార్థన అయిపోయింది. పిల్ల నిద్రపోయింది. మాట మాత్రం ఆవిణ్ణి వదల్లేదు. చిన్నప్పుడు తాను సొరచెట్టంటే మర్రిచెట్టంత ఉంటుందనుకుంది. అది పాలస్తీనా దేశంలో మొలిచే ఏదో పరిశుద్ధ వృక్షం కాబోలనుకుంది. ‘ఓసి పిచ్చిదానా, ఆనపపాదే’ అని అమ్మ చెప్పిన రోజున యోనా ఒక్క అంగలో నీనెవె నుంచి తమ పెరట్లోకి వచ్చి కూర్చున్నాడు. రాత్రికి రాత్రి ఎదగడమంటే ఏమిటో, పురుగు పడితే తెల్లారేసరికి ఆకులు ఎలా వడలిపోతాయో ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. ‘ఆకులున్న మొక్క’తో ఆ పని జరుగుతుందా? జరగదనే ఆవిడ నమ్మకం. కానీ నమ్మకానికీ అలవాటుకీ మధ్య గీత ఎక్కడుంది? తనకి నచ్చింది ఆ మాటా, లేక ఆ మాట చెప్పిన అమ్మ గొంతా?

ఈ గొడవ కొత్తదేమీ కాదు. సరిగ్గా ఈ మొక్క మీదే పదహారు వందల ఏళ్ళ కిందట ఒక ఊరు ఊరంతా తిరగబడింది. జెరోమ్ అనే పండితుడు హీబ్రూ మూలం చూసి లాటిన్‌లోకి కొత్తగా తర్జుమా చేస్తున్న రోజులవి. అంతకుముందు గ్రీకు నుంచి వచ్చిన పాత లాటిన్ పాఠంలో యోనాకి నీడనిచ్చింది సొరపాదే. జెరోమ్ దాన్ని తీసేసి మరో తీగ పేరు పెట్టాడు, ఇంగ్లీషువాళ్ళు ఐవీ అనేది. ఇప్పుడు లిబియాలో ట్రిపోలీగా ఉన్న ఓయా పట్టణంలో బిషప్పు ఆ కొత్త పాఠం చదివించాడు. తాతల నాటి నుంచి చెవులకి అలవాటైన మాట మారిందని జనం గోల చేశారు. ఆయన సంఘం చెదిరిపోయేంత పనైంది. ఈ సంగతి 403లో అగస్టీన్ ఉత్తరం రాసి జెరోమ్‌కి తెలియజేశాడు. జెరోమ్ ఊరుకునే రకం కాదు, గట్టిగానే జవాబిచ్చాడు. హీబ్రూలో ఉన్న మాట అలాగే ఉంచితే ఎవరికీ అర్థం కాదు, సొరపాదని రాస్తే అది మూలంలో లేదు, లాటిన్‌లో దానికి పేరే లేదు, మరేం చెయ్యమంటారన్నాడు. మూలంలోని ఆ మొక్క వెడల్పాటి ఆకులతో, కర్ర ఊతం లేకుండా తన కాండం మీదే నిలబడుతుందని కూడా వివరించాడు.

ఇక్కడ తెలుగు పాఠకుడు చెవులు రిక్కించాలి. ఊతం అక్కర్లేని కాండం, వెడల్పాటి ఆకులు, కొద్దిరోజుల్లోనే మనిషెత్తు పెరగడం. ఇది ఏమిటి? చాలామంది పండితులు ఆముదమనే అంటున్నారు. హీబ్రూలో ఆ మాట ‘కీకాయోన్’. బైబిలు మొత్తంలో యోనా కథలో తప్ప మరెక్కడా రాదు. 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ బైబిలు లోపల సొరపాదని అచ్చు వేసి, పక్క మార్జిన్‌లో మాత్రం ఆముదానికి ఆనాడు ఇంగ్లీషులో ఉన్న పేరు చిన్న అక్షరాలతో రాసి పెట్టుకుంది. అంటే దాన్ని తయారుచేసిన దాదాపు 50 మంది పండితులకీ అనుమానం ఉండనే ఉంది. తెలుగు తర్జుమాలో కూడా ఆముదమని పడి ఉంటే? ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అనే సామెత ఉన్న భాష ఇది. ఎర్రటి ఎండలో, చుట్టుపక్కల ఒక్క చెట్టయినా లేని చోట, ఆముదం మొక్క కింద కూర్చుని మహా సంబరపడిపోయే ప్రవక్త! మందిరంలో ముసలివాళ్ళు కూడా నవ్వేవారు. యోనా గ్రంథం చివరికి నవ్వించే పుస్తకమేనని, దేవుడు ఆ అలిగిన మనిషిని మెల్లగా వెక్కిరిస్తున్నాడని ఇంత సులువుగా చెప్పే అవకాశం అది. తెలుగు దాన్ని సొరచెట్టు కింద పోగొట్టుకుంది.

తెలుగు తర్జుమా చరిత్రలో ముఖ్యమైన భాగం నర్సీపట్నానికి దగ్గరలోనే, విశాఖపట్నంలోనే నడిచింది. అంతకు ముందు 1720ల్లో, 30ల్లో బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ చేసిన తర్జుమా అచ్చుకి నోచుకోలేదు. 1805లో లండన్ మిషన్ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డీగ్రాంజ్ విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు క్రైస్తవం పుచ్చుకుని వాళ్ళకి తోడయ్యాడు. 1809లో క్రాన్, 1810లో డీగ్రాంజ్ చనిపోయారు. వాళ్ళ మూడు సువార్తలు 1812లో బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అదే ఏడు మార్చి 11న ఆ అచ్చుశాల తగలబడింది. విలియం కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం కూడా ఆ మంటల్లోనే పోయింది. విశాఖలో పని ఆగలేదు. ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. 1840లో వచ్చిన జాన్ హే దశాబ్దాల పాటు ఈ పనిలోనే మునిగిపోయాడు. నెల్లూరు వైపు నుంచి అమెరికన్ బాప్టిస్టు లైమన్ జూయెట్ కూడా చెయ్యి వేశాడు. ఇన్ని చేతులు పడి, తర్వాత మళ్ళీ సవరణలు జరిగి నిలిచిన పాఠమే ఇవాళ ‘ఓల్డ్ వెర్షన్’ పేరుతో మందిరాల్లో వినిపిస్తోంది. విశాఖలో అంత పని జరిగినా విశాఖ ఆనపకాయ మాత్రం ఇందులోకి రాలేదు. పండితుల బల్ల దగ్గర సంత మాటకి చోటు దొరకలేదు కాబోలు.

అయినా అదే పాఠంలో, లూకా సువార్తలోని జక్కయ్య ఎక్కింది మేడిచెట్టు. పాలస్తీనాలో ఉండేది మన మేడికి చుట్టం, అదే చెట్టు కాదు. అనువాదకులు ఆ చుట్టరికం చూసుకుని ఊరి పొలిమేర చెట్టుని తెచ్చి యెరికోలో నాటేశారు. ఈ ధైర్యాన్ని మెచ్చుకోకుండా ఎలా?

టీచరమ్మకి ఇంగ్లీషు కింగ్ జేమ్స్‌తో వేరే చుట్టరికముంది. ట్రైనింగ్ రోజుల్లో పాత పుస్తకాల కొట్లో కొనుక్కున్న ప్రతి అది. మొదటిసారి చదివినప్పుడు చిన్నపిల్లలు యేసు దగ్గరికి వచ్చే చోట ‘సఫర్’ అనే మాట చూసి, పాపం పిల్లల్ని బాధపెట్టమంటాడేమిటని బిత్తరపోయింది. నాలుగు వందల ఏళ్ళ కిందట ఆ మాటకి ‘రానివ్వండి’ అని అర్థం. ‘లెట్’ అంటే అడ్డుకోవడం, ‘ప్రివెంట్’ అంటే ముందుగా వెళ్ళడం. అర్థం కాని మాట ఫరవాలేదు, నిఘంటువు తెరుస్తాం. అర్థమైనట్టు కనిపిస్తూ అడ్డం తిరిగిన మాటే ముంచుతుంది. ఈ సంగతి క్లాసులో పిల్లలకి చెప్పీ చెప్పీ ఆవిడకి విసుగెత్తింది.

మరి ‘దౌ’, ‘దీ’? వీటిని చూసి చాలామంది దేవుడికి ఇచ్చిన గౌరవమనుకుంటారు. నిజానికి అవి ఏకవచనాలు, మన ‘నీవు’, ‘నిన్ను’. ఒక్కరితో మాట్లాడితే దౌ, పదిమందితో మాట్లాడితే యీ. ఇవాళ్టి ఇంగ్లీషులో రెండూ ‘యూ’లో కలిసిపోయాయి. లూకా 22వ అధ్యాయంలో యేసు సీమోనుతో మాట్లాడుతూ సాతాను కోరుకున్నది మీ అందరినీ అంటాడు, ప్రార్థన చేసింది మాత్రం నీ ఒక్కడి కోసం అంటాడు. ఒకే ఊపిరిలో బహువచనం నుంచి ఏకవచనంలోకి జారతాడు. ఇంకాసేపట్లో తనని ఎరగనని బొంకబోయే మనిషి వైపు తిరిగి అన్న మాట అది. కింగ్ జేమ్స్‌లో ఈ తేడా కనిపిస్తుంది. కొత్త ఇంగ్లీషుల్లో మాయమైంది. ఎన్‌ఐవీ 2011 సవరణలో ‘మీ అందరినీ’ అనే మాట కలిపి అతుకు వేసుకుంది. తెలుగువాళ్ళకి ఆ బాధే లేదు. పాత తర్జుమాలోనైనా కొత్తదానిలోనైనా ‘మీ’, ‘నీ’ ఉండనే ఉన్నాయి. మర్నాడు పొద్దున్న టిఫిను తింటూ మనవరాలికి ఇది చెబితే, “అయితే దౌ అంటే నువ్వా? అంత చిన్న మాటకి అంత బిల్డప్పా?” అంది. పిల్ల మాటలో ముప్పావు వంతు నిజముంది.

సరే, తెలుగు దగ్గరికే వద్దాం. ఇక్కడి పాత భాష అసలు ఎవరిది? ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉత్తరాంధ్రలోనే, గిడుగు రామమూర్తి పంతులు, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు యేట్స్, గురజాడ కలిసి జనం మాట్లాడని భాషలో పిల్లలకి చదువు చెప్పడం ఏమిటని పోరు మొదలుపెట్టారు. స్కూలు పుస్తకాల్లో, పత్రికల్లో ఆ పోరు చివరికి గెలిచింది. మందిరంలోకి మాత్రం రాలేదు. కెనడియన్ బాప్టిస్టులు 1874లో కాకినాడలో పని మొదలుపెట్టి ఉత్తర కోస్తా మీదుగా విస్తరించినప్పుడు వాళ్ళ స్టేషన్లలో నర్సీపట్నం కూడా ఒకటైంది. ఏజెన్సీ కొండల కింది పల్లెల్లోకి ‘చున్నాడు’, ‘యుండెను’ నడుచుకుంటూ వెళ్ళాయి. చదువు దరిచేరని పేటల్లోకి అచ్చయిన తెలుగు మొట్టమొదట వెళ్ళింది చాలాచోట్ల ఈ రూపంలోనే. టీచరమ్మ తల్లి బడికి వెళ్ళలేదు. సండే స్కూల్లో బైబిలు ముందు పెట్టుకుని ‘యె, హో, వా’ అని కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకుంది. సంతలో ‘ఏటి బావూ, ఎంతకిత్తావు’ అని బేరమాడే మనిషి, మోకాళ్ళ మీదికి రాగానే ‘కృప చూపుము తండ్రీ’ అనేది. ఆ ‘ము’ ఆవిడకి కట్టుకోడానికున్న ఒకే ఒక్క పట్టుచీర లాంటిది. పండితుల భాష కదా, నీకెందుకు అని ఆవిడ దగ్గర్నుంచి దాన్ని ఎవరు లాక్కోగలరు? ఊరి బయట పుట్టిన గుర్రం జాషువా పద్యం పట్టుకుని ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమానం అందుకున్నాడు. ఛందస్సు ఎవడి సొత్తని ఆయన ఎవరినీ అడగలేదు.

కాబట్టి పాతది కులీనుల భాష, కొత్తది జనం భాష అని గీత గీసేస్తే పని తేలిగ్గా అయిపోతుంది గానీ, టీచరమ్మ ఇంట్లో ఆ లెక్క కుదరదు. ఆ ఇంట్లో లెక్క తప్పింది మరో చోట.

ఆవిడ నాన్న ఒక రైతు దగ్గర పాలేరు. యాభై ఏళ్ళ మనిషిని రైతుగారి పదేళ్ళ మనవడు ‘ఒరే’ అని పిలిచేవాడు. ఆయన పలకడం కూడా పలికేవాడు. చదువు లేదు. రాత్రుళ్ళు అమ్మ దీపం ముందు చదివితే గోడకి చేరగిలబడి వినేవాడు. ఆయనకి బాగా ఇష్టమైన కథ యెరికో గుడ్డి బిచ్చగాడిది. జనం నోరు మూసుకోమని కసిరిన కొద్దీ ఇంకా గట్టిగా కేకలు వేస్తాడు కదా, అందుకు. లూకా సువార్తలో అది పద్దెనిమిదో అధ్యాయం చివర వస్తుంది. పందొమ్మిదో అధ్యాయం తెరవగానే అదే యెరికోలో జక్కయ్య మేడిచెట్టు ఎక్కుతాడు. ఒక రాత్రి అమ్మ రెండూ వరసగా చదివింది. నాన్న ఆపమన్నాడు.

“జక్కయ్యనేమో అతడన్నారు. ఈ గుడ్డోడినేమో వాడన్నారు. ఇద్దరిదీ ఒకే ఊరు కదే?”

అమ్మ పేజీ వెనక్కి తిప్పి చూసింది. నిజమే. “జక్కయ్య డబ్బున్నోడు గదా మరి” అంది, మామూలుగా.

ఆయన ఇంకేమీ అనలేదు. ఆ పూటకి బీడీ వెలిగించుకుని బయటికి వెళ్ళిపోయాడు.

టీచరమ్మకి ఆ రాత్రి పదేళ్ళు. ఇంగ్లీషు చదువుకుని, తర్జుమాల సంగతి కొంత తెలుసుకున్నాక నాన్న ప్రశ్న ఎంత లోతైనదో అర్థమైంది. గ్రీకులో జక్కయ్యకీ, బిచ్చగాడికీ సర్వనామం ఒక్కటే. ఇంగ్లీషులో, అది 1611 నాటిదైనా నిన్న మొన్నటిదైనా, ఇద్దరూ ‘హి’. తెలుగులోకి వచ్చేసరికే వాడు, అతడు, ఆయన అనే మూడు మెట్లున్నాయి. ఏ మనిషిని ఏ మెట్టు మీద నిలబెట్టాలో అనువాదకుడు తేల్చుకోక తప్పదు. యేసుకి ఆయన. ప్రవక్తలకీ, అపొస్తలులకీ, సేనాధిపతులకీ అతడు. సిరియా సేనాని నయమాను కుష్ఠరోగి అయినా అతడే. గలిలయలో యేసు కాళ్ళ మీద పడిన పేరులేని కుష్ఠరోగి మాత్రం వాడు. ఆనాటి గ్రాంథికంలో ‘వాడు’ తిట్టు కాదు, మగవాణ్ణి చెప్పే మామూలు మాటే అని వ్యాకరణం తెలిసినవాళ్ళు సర్దిచెబుతారు. ఆవిడ కూడా కొన్నాళ్ళు తనకి తాను అలాగే సర్దిచెప్పుకుంది. మామూలు మాటే అయితే జక్కయ్యకి ఎందుకు వాడలేదు? ఎవరూ కూర్చుని కుట్ర పన్ని ఉండరు. ఊళ్ళో ఎవరిని ఎలా పిలుస్తారో కలానికి అలవాటైపోయి ఉంటుంది, అంతే. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల మాదిగ పేటల నుంచి వచ్చినవాళ్ళే. ఊరు తమని పిలిచిన తీరే వాళ్ళకి బైబిల్లోనూ వినిపించింది.

పాత మాట మారిస్తే లోకం మునిగిపోతుందనే భయం అన్ని చోట్లా ఉన్నదే. 1952లో అమెరికాలో ఆర్‌ఎస్‌వీ తర్జుమా వచ్చినప్పుడు, యెషయా గ్రంథంలో ‘కన్యక’ ఉండాల్సిన చోట ‘యువతి’ అని పడిందని నార్త్ కరోలినాలో ఒక పాస్టరు ఆ పేజీని అందరి ముందూ కాల్చాడు. నర్సీపట్నంలో ఎవరూ ఏమీ కాల్చరు. ‘ఇది మన బైబిలు కాదమ్మా’ అని మెల్లగా అంటారు, అది ఇంకా గట్టిగా తగులుతుంది. టీచరమ్మ ఫోన్లో ఒక వాడుక భాష తర్జుమా తెరిచి చూసింది. బిచ్చగాడు అక్కడ ‘అతడు’ అయ్యాడు. ప్రాణం లేచొచ్చింది. నాలుగు అధ్యాయాలు చదివేసరికి మళ్ళీ ఉసూరుమంది. అంతా అర్థమవుతోంది, ఒక్క ముక్కా నోట్లో నిలబడ్డం లేదు. అమ్మ కంఠతా పెట్టించిన వాక్యాల ఊపు ఎక్కడా లేదు. ఇది తర్జుమా తప్పా, తన వయసు తప్పా? మనవరాలికి ఇదే కంఠతా వస్తే ఆ పిల్ల చెవికి ఇదే ఊపు కావచ్చు. తెలుగు బైబిలు ఊళ్ళోనే దిగిందని ఇన్నాళ్ళూ అనుకున్నది నర్సీపట్నం రోడ్ స్టేషన్‌ని చూసి ఊరొచ్చేసిందనుకోవడమే. పేరు ఊరిదే, ఊరు మాత్రం ఇంకా చాలా దూరం. అక్కడ దిగి బస్సెక్కాలి.

వారం తిరక్కుండానే మందిరంలో వాక్య పఠనం ఆవిడ వంతుకి వచ్చింది. పాస్టరుగారు ఇచ్చిన భాగం లూకా 18, ముప్ఫై అయిదో వచనం నుంచి. శనివారం రాత్రి పుస్తకం ముందు పెట్టుకుని పెన్సిలు చెక్కింది. ‘చుండెను’ల జోలికి వెళ్ళలేదు. ‘గ్రుడ్డి’లో క్రావడి కూడా అలాగే ఉంచింది. బిచ్చగాడిని ‘వాడు’ అన్న ప్రతి చోటా సన్నగా కొట్టేసి పైన ‘అతడు’ అని రాసింది, ‘వాని’ అన్న చోట ‘అతని’ అని. తల్లి చేతి మడతలున్న పేజీ మీద కలం పెట్టడానికి మనసొప్పక పెన్సిలు. ఆదివారం నిలబడి చదివింది. ఎవరూ తలెత్తి చూడలేదు. వెనక బెంచీలో ఒక పెద్దాయన అలవాటుగా ఆమెన్ అన్నాడు.

యోనా నాలుగో అధ్యాయంలో మాత్రం పెన్సిలు పెట్టలేదు. సొరచెట్టు సొరచెట్టుగానే ఉంది. సాయంత్రం పందిరి మీద నుంచి రెండు ఆనపకాయలూ కోసింది. ఒకటి పాస్టరమ్మగారికి పంపి, రెండోది పిల్లకి పులుసు పెట్టింది.